ఒడిలో చేతులు

మా బావగారి పదవీ విరమణ సభలో ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను అడిగారు. చాలా వెతికాను. రెండు దొరికాయి. ఆయన చొక్కా ఏనాడూ నలగలేదు, ఆయన ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. మూడోది ఎంతకీ దొరకలేదు కాబట్టి, దొరికినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

బావగారంటే మా అక్క భర్త. ఆయనా నేనూ ఒకేచోట పనిచేశాం. చంద్రుడి మీద తిరగబోయే రోవర్లకు అక్కడ నడక నేర్పుతారు. రోవర్ అనేది కాగితాల మీది మాట, మేమంతా బండి అనే అంటాం. ఆఫీసు వెనక పెద్ద షెడ్డు ఉంది. నేలంతా బూడిదరంగు రాతిపొడి, అందులో గుంటలు, బండరాళ్లు. గోడలకు నల్లగుడ్డ, సూర్యుడి బదులు ఒక మూల కిందుగా పెట్టిన ఒక్క దీపం. ఇంకో మూల యాంటెన్నా స్తంభం. బండి ఏం విన్నా, ఏం చెప్పినా ఆ స్తంభంతోనే. బండిని నడిపే మనిషి మాత్రం షెడ్డులో ఉండకూడదు. పక్కన కిటికీలు లేని గదిలో కూర్చుని, తెర మీద బండి పంపే బొమ్మను చూస్తూ నడపాలి.

గదికీ షెడ్డుకీ మధ్య గోడలో, గదిలోంచి కనపడేలా, ఒక ఇనప పెట్టె ఉంటుంది. చంద్రుడు పక్క వీధిలో లేడు కదా. మనం పంపిన ఆజ్ఞ అక్కడికి చేరి, బండి కదిలి, ఆ బొమ్మ తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని ఇక్కడే తయారుచేసేది ఆ పెట్టె. పనిచేస్తున్నంతసేపూ దాని మీద చిన్న పచ్చదీపం వెలుగుతుంది. మా బావగారు ఆ పెట్టెకు అధిపతి, బండి నడిపేవాళ్లకు గురువు.

ఆయన చిన్నప్పుడు తరగతిలో జవాబు తెలియకపోయినా అందరికంటే ముందు చెయ్యెత్తేవారట. తన వంతు వచ్చేలోగా గంట కొడతారన్న ధీమా. ఈ సంగతి వాళ్లమ్మగారే పెళ్లిచూపుల్లో మురిసిపోతూ చెప్పారు. మావాళ్లు దాన్ని చురుకుదనం అనుకున్నారు. మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే, అయినా ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ ఎత్తిన చెయ్యి మీదే ఆయన జీవితమంతా నెట్టుకొచ్చారు.

పెట్టె ఆయన చేతికొచ్చాక ఆలస్యం ఇంటికి కూడా వచ్చింది. ఏదైనా అడిగితే వెంటనే జవాబివ్వడం మానేశారు. గోడ వంక చూస్తారు, కళ్లు సగం మూస్తారు, అప్పుడు పలుకుతారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అక్క అడిగినా అంతే, తలుపు గడియ పెట్టారా అని అడిగినా అంతే. ఒకసారి అక్క చెయ్యి కాలి నీళ్లు అందించమంటే, ఆయన గోడ వంక చూసేలోపు అక్కే కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆ విరామంలో ఆయన ఏమీ ఆలోచించరని ఏడాది తిరక్కుండానే అక్కకి తెలిసిపోయింది. బయటివాళ్లకు మాత్రం మహా లోతైన మనిషిలా కనిపించేవారు. ఆఫీసులో చాటుగా ఆలస్యరావుగారు అనేవాళ్లం. ఎదురుగా మాత్రం లేచి నిలబడేవాళ్లం.

బండి నడిపేవాళ్లకు మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఒక ఆజ్ఞ ఇచ్చాక చేతులు రెండూ తీసి ఒడిలో పెట్టుకోవాలి. కొత్త బొమ్మ వచ్చేదాకా మీట ముట్టుకోకూడదు. తెర మీద బండి కదల్లేదు కదా అని ఇంకోసారి ముందుకు నెడితే ఆ రెండో ఆజ్ఞ, మూడో ఆజ్ఞ కూడా దారిలో ఉంటాయి, అన్నీ చేరతాయి, బండి అన్నిటినీ పాటిస్తుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు మొదట నేర్పేది చేతులు ముడుచుకుని కూర్చోవడం. ఈ పాఠం చెప్పేది బావగారే. చాలా బాగా చెప్పేవారు. తను పాటించడం మాత్రం నేను చూడలేదు, ఎందుకంటే ఆయన ఎప్పుడూ స్వయంగా నడపలేదు.

నా పని వేరు. బండి ఏ రాయి వెనక్కో, గుంటలోకో వెళ్తే స్తంభం కనపడదు, మాట తెగిపోతుంది. మనం ఎంత పిలిచినా దానికి వినపడదు. చంద్రుడి మీదైతే నీడలో అలాగే ఉండిపోయి చలికి చచ్చిపోతుంది. నేను రాసిన ప్రోగ్రాము చేసేది ఒక్కటే. కాసేపు ఏ మాటా వినపడకపోతే, బండి తన చక్రాలు ఎలా తిరిగాయో గుర్తుచేసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది, మళ్లీ మాట వినపడే చోటుదాకా. తప్పిపోయిన పిల్లలకు మనం చెప్పే మాటే అది. రాయడానికి మాత్రం నా పడుచుదనం సగం పోయింది.

అయితే బండిలోని కంప్యూటరు చిన్నది. నా ప్రోగ్రాము ఉంటే రెండో కెమెరాకు చోటు లేదు. ఏది ఉంచాలో తేల్చడానికి పైనుంచి ఒక కమిటీ వచ్చింది. బావగారు కెమెరా పక్షం. అందమైన బొమ్మలు కావాలని పైకి చెప్పారు. అసలు సంగతి, బండి తనంతట తాను వెనక్కి వస్తే నడిపేవాళ్ల గురువుగారికి ఏం విలువ? మంచి చోదకుడుంటే బండి గుంటలో పడదని, ఆ మాట తానే నడిపి చూపిస్తానని కమిటీ ముందు అన్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే నాకూ చూడాలని ఉంది.

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కాతో మీట ముందు కూర్చున్నారు. వెనక కమిటీ, గోడకానుకుని నేను. బండి కదిలింది. రాళ్ల మధ్యనుంచి, గుంటల అంచుల మీదుగా, పెళ్లికూతురు పీటలమీదికి నడిచినంత పొందికగా వెళ్లింది. కమిటీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలాడించారు. నేను తెర చూడటం మానేసి ఆయన చేతులు చూశాను. అవి ఒక్కసారి కూడా ఒడిలోకి రాలేదు. ఆయన మీట కదపగానే బండి తిరుగుతోంది. ఇంకేముంది, పెట్టె వంక చూశాను. పచ్చదీపం లేదు. పాఠాలు చెప్పే గురువుగారు చంద్రుణ్ని తీసుకొచ్చి పెరట్లో కట్టేసి నడుపుతున్నారన్నమాట. నాకు కోపం కంటే ముందు అసహ్యం వేసింది. దొంగతనం చేసేవాడికి దీపం కనపడుతుందన్న పాటి తెలివైనా ఉండొద్దా?

కమిటీ పెద్దావిడ కలం మూత తీస్తోంది. ఆమె ఏం రాయబోతోందో నాకు తెలుసు. అక్క ముఖం గుర్తొచ్చింది. అయినా అన్నాను.

"బావగారూ, పెట్టె మీద దీపం వెలగట్లేదు."

ఆయన గోడ వంక చూశారు. కళ్లు సగం మూశారు. గదిలో అందరూ ఆ మహాలోతులోంచి ఏమొస్తుందా అని ఎదురుచూశారు.

"అవునా, చూడనేలేదు," అన్నారు.

దీపం ఏమిటని పెద్దావిడ అడిగింది. చెప్పాను. ఆవిడ కలానికి మళ్లీ మూతపెట్టి, దీపం వెలిగించి ఇంకోసారి నడపమంది.

రెండోసారి నడక చూసి తీరాలి. బావగారు మీట ముందుకు నెట్టారు. తెర మీద ఏమీ కదల్లేదు. మళ్లీ నెట్టారు. ఇంకా కదల్లేదు. ఊళ్లోవాళ్లందరికీ చేతులు ముడుచుకోవడం నేర్పిన మనిషి తన చేతుల్ని మాత్రం ఆపుకోలేకపోయారు. పంపిన ఆజ్ఞలన్నీ ఒకదాని వెనక ఒకటి చేరాయి. బండి పెద్దగుంట అంచు దాటి లోపలికి జారింది. స్తంభం కనుమరుగైంది, బొమ్మ ఆగిపోయింది. బావగారు మీటను పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నారు. అవతల వినేవాళ్లు ఎవరూ లేరు.

నేను నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాను. కెమెరా నెగ్గితే తీసేద్దామని నా ప్రోగ్రామును అప్పటికింకా బండిలోనే ఉంచారు. అది లేస్తుందో లేదో నాకూ తెలియదు. ఇంత పెద్ద గుంటలో ఎప్పుడూ పరీక్షించలేదు. అప్పుడు తెర మీద ముందు గీతలు, తర్వాత రాతిపొడి, తర్వాత గుంట అంచు కనిపించాయి. బండి వెనక్కి నడుచుకుంటూ, తను వేసిన గాడిలోనే చక్రాలు పెట్టుకుంటూ పైకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు.

బావగారు కుర్చీ తిప్పి కమిటీ వైపు చూశారు. చొక్కా చేతులు సర్దుకున్నారు. అలవాటైన విరామం ఇచ్చారు.

"నేను చూపిద్దామనుకున్నది సరిగ్గా ఇదే," అన్నారు.

కిందపడ్డా నాదే పైచెయ్యి అనేవాళ్లను చాలామందిని చూశాను కానీ, గుంటలో పడి కూడా అనేవాణ్ని అప్పుడే చూశాను. ఇంతకంటే వింత, కమిటీ చప్పట్లు కొట్టింది. ఎంత సాహసం, కావాలని గుంటలో పడేసి చూపించారని ఒకాయన మెచ్చుకున్నాడు. పెద్దావిడ ఒక్కతే నా వంక చూసింది, కానీ ఆవిడకు బండి కావాలి, తగువు అక్కర్లేదు. నా ప్రోగ్రాము ఉండిపోయింది. అది ఉండిపోయిందన్న సంతోషంలో నేనూ ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆ పద్ధతికి ఆఫీసులో బావగారి పేరే పెట్టేశారు. కొత్తగా చేరినవాళ్లు ఇప్పుడు నా దగ్గరికే వచ్చి, ఆయన పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పమని అడుగుతారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇక సభ. హాలు నిండిపోయింది. బావగారు వేదిక మీద పెద్ద కుర్చీలో, పూలగుత్తి పక్కన. మొదటి వరసలో అక్క. నేను మైకు దగ్గరికి వెళ్తుంటే ఆయన ముందుకు వంగి, చిన్నపిల్లకు చాక్లెట్టు ఇచ్చినట్టు, "ఆ గుంట కథ చెప్పమ్మా. నువ్వు దగ్గరుండి చూశావుగా," అన్నారు. ఆయన తన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా చెప్పి చెప్పి తనే నమ్మేశారు.

అడిగారు కాబట్టి చెప్పాను. వెలగని దీపం దగ్గర మొదలుపెట్టి, ఆగని చేతులు, పడ్డ బండి, వెనక్కి తెచ్చిన ప్రోగ్రాము, అది ఎవరు రాశారు, అన్నీ చెప్పాను. హాలంతా ఒకటే నవ్వు. మరదలు బావను ఆటపట్టిస్తోందనుకున్నారు. కడుపు పట్టుకుని మరీ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇంతమంది చదువుకున్నవాళ్లకు నిజం చెప్పినా చేరదని నాకప్పుడు అర్థమైంది. మాట ఆపి, గోడ వంక చూశాను.

నవ్వులు తగ్గాయి. బావగారు మాత్రం మొదటినుంచీ నవ్వలేదు. నా తర్వాతి మాట ఏమిటోనని నన్నే చూస్తున్నారు. ఆయన చేతులు రెండూ ఒడిలో ఉన్నాయి, కదలకుండా.

అక్క ఆ చేతుల్నే చూస్తోంది. కాసేపు చూసి, నా వైపు తిరిగి, హాలంతా వినపడేలా అంది.

"ఇది జోకు కాదని కూడా చెప్పవే."