వియ్యపురాలి చేతి తొడుగు

మా మనవరాలు వస్తువులకు రూపం కట్టే చదువేదో చదువుతోంది. సెలవులకు తిరువూరు వచ్చి, నా వంటింట్లో వెడల్పాటి గాజు పాత్ర నిండా చక్కెర కలిపిన టీ నీళ్లు పోసి, పెరుగుకు వేసినట్టు ఏదో తోడు వేసి, పైన గుడ్డ కట్టింది. కొన్నాళ్లకు నీళ్ల మీద మీగడలా మందపాటి పొర కట్టింది. కంటికి కనపడని జీవులు దాన్ని అల్లుతాయట. ఆసుపత్రుల్లో కాలిన పుండ్ల మీద కప్పేదీ ఇలాంటి పొరేనట. దాన్ని కట్టులా కాక నగలా చేయాలని పిల్ల పట్టుదల. చక్కెరంతా పురుగులకు పోస్తోందని సణిగాను గానీ, మొదటిది నాకే చేస్తుందని లోపల ఆశ పెట్టుకున్నాను.

"ఇది విస్సన్నపేట అమ్మమ్మకి, నాయనమ్మా. అరిసెల నూనె పడి చెయ్యి కాలిందిగా, ఆ మచ్చ మీద తొడుక్కుంటుంది" అంది.

వియ్యపురాలి మచ్చ మీద నాకు కుళ్లు పుట్టింది. పిల్లకు లాల పోసి పెంచింది నేను. ఆవిడ చేసిందల్లా చెయ్యి కాల్చుకోవడం!

పైగా కొలతకు నా చెయ్యే కావాలట, ఇద్దరిదీ ఒకే లావట. తడి పొరను నా ముంజేతికి చుట్టి, బిగిసేదాకా ఫ్యాను కింద కదలకుండా కూర్చోమంది. పులిసిన కంపు. గాజులు తియ్యమంది.

"మీ తాతయ్య ఉండగా గాజులు తీస్తానా? నోర్మూసుకుని చుట్టు."

ఆరాక, పక్కన అతకకుండా వదిలిన చీలిక దగ్గర విప్పి తీస్తే, మణికట్టు చుట్టూ నా గాజుల గీతలు దిగిపోయి ఉన్నాయి.

"చెడగొట్టేశావు నాయనమ్మా! నున్నగా రావాలిది."

"అయితే నాకిచ్చెయ్. ఆవిడకి ఇంకోటి చేసుకో."

ఇంకోటి పెరిగేలోపు సెలవులు అయిపోతాయని, అదే పట్టుకుని బస్సెక్కింది. ఇంట్లో ఉండలేక నేనూ వెంట వెళ్లాను.

వియ్యపురాలు దాన్ని మచ్చ మీద తొడుక్కుంది. మా వియ్యంకుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ చేతులకు గాజుల్లేవు. ఆ గీతల మీద ఒక్కొక్కటిగా వేలు తిప్పింది.

"ఇవి గాజులా, వదినగారూ?"

"నావి. అచ్చు పడింది. బాగోకపోతే ఇచ్చెయ్యండి, నేను పట్టుకెళ్తా."

"ఎందుకిస్తాను? వీటిని తియ్యమని ఎవరంటారు, ఎలా తీస్తారు?" అని నవ్వి, కొంగు చాటున ఉండే ఆ చేతిని బయటికి చాపింది.

ఫొటో తీయడానికి మనవరాలు ఫోను ఎత్తింది. నేను వియ్యపురాలి పక్కనే నిలబడి కొంగు సర్దుకున్నాను.

"కొంచెం జరుగు నాయనమ్మా, నీ చెయ్యి అడ్డొస్తోంది" అంది.