డబ్బా మీది పేరు

మొన్న సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందున్న కారు నుంచి బ్రేకు కాలిన వాసన గుప్పుమంది. బండి పక్కకు తీసి ఆపాను. యాదగిరి సార్ గుర్తొచ్చారు.

కార్ఖానా ఏరియాలో ఆయనకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. నా మొదటి ఉద్యోగం అక్కడే. విడిభాగాలు కొనుక్కురావడం, కస్టమర్లకు ధరలు చెప్పడం నా పని. కంపెనీ పేరుంటే మంచిది, లేకుంటే మోసం అనుకునేదాన్ని. ఒకసారి ఆ మాటే అంటే ఆయన నవ్వారు. "అట్లేం లేదు గ్రేస్. వైపర్లు, అద్దాలు బయటివి ఏసినా నడుస్తది. కస్టమర్‌తోని ఉత్తగ ఎందుకు ఖర్చు పెట్టియ్యాలె? బండిని ఆపేది, తిప్పేది మాత్రం కంపెనీదే ఉండాలె. గాడ బేరం లేదు."

ఒకరోజు పద్మారావు నగర్ నుంచి సుశీల టీచర్ తన పాత కారు తెచ్చారు. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి. కంపెనీవాటి ధర వినగానే ఆమె ముఖం చిన్నబోయింది. "కాస్త తక్కువలో దొరకవా అమ్మా?" అని మెల్లగా అడిగారు. నాకు జాలేసింది. కొత్తగా పరిచయమైన దుకాణదారు ఒకడు కంపెనీ ప్యాడ్లే సగం ధరకు ఇస్తానన్నాడు. అదే డబ్బా, అదే పేరు. తెచ్చేశాను. ఎక్కడ కొన్నానో సార్‌కు చెప్పలేదు. నా మీది నమ్మకంతో ఆయనా అడగకుండానే బిగించారు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. బేగంపేటలో ఫ్లైఓవర్ దిగుతుంటే బ్రేకు పట్టక కారు గోడకు గుద్దుకుందట. టీచర్ చెయ్యి విరిగింది. వెనక సీట్లో ఉన్న మనవరాలికి దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

షెడ్డుకు లాక్కొచ్చిన కారు చక్రం విప్పి, సార్ ప్యాడ్‌ను స్క్రూడ్రైవర్‌తో గీశారు. బిస్కెట్‌లా పొడిపొడిగా రాలింది.

"ఇది నకిలీది బిడ్డా. యాడ తెచ్చినవ్?"

చెప్పాను. "గీ మాల్ ఇంకెవరికన్నా ఏసినమా?" అన్నారు. లేదన్నాను. ఆయన చేతులు కడుక్కొని, నన్ను వెంటబెట్టుకొని ఆస్పత్రికి బయల్దేరారు.

"టీచరమ్మా, తప్పు నాది. డబ్బా మీది పేరు సూసిన, లోపలి మాల్ సూడలే," అన్నారు మంచం పక్కన నిలబడి. తెచ్చింది నేనేనని నేను చెప్పలేదు.

"నమ్మి వచ్చాను యాదగిరీ. నా మనవరాలు ఉంది ఆ కారులో," అని టీచర్ ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

బయటికొచ్చాక ఏడుస్తూ అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని.

"తెచ్చింది నువ్వే. బిగించింది నేను గదా? రేపు జెర జల్దీ రా, అసలుది, నకిలీది ఎట్ల గుర్తువట్టాల్నో సూపెడతా."

సార్ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నాకు సొంతంగా విడిభాగాల దుకాణం ఉంది. ఏ ప్యాడ్‌నైనా గీసి చూడనిదే అమ్మను. సుశీల టీచర్ ఇప్పటికీ పద్మారావు నగర్‌లోనే ఉంటున్నారు. ఆ తప్పు యాదగిరి సార్‌దేనని నమ్ముతున్నారు. రెండుసార్లు ఆమె గేటు దాకా వెళ్ళి, గడియ తీయకుండానే తిరిగొచ్చాను.