వానలో చూడాలి గొడౌను

ఎండుచేపల వ్యాపారంలో ఉన్నవాళ్లెవరూ అద్దె గొడౌనును ఎండలో చూడరు. వాన పడేదాకా ఆగి, పడుతుండగా వెళ్తారు. ఎండలో ప్రతి కప్పూ మంచిదే. వెబ్ హోస్టింగు, అంటే వెబ్‌సైటును అద్దెకుంచే చోటు, ఎంచుకోవడానికీ నాకు ఆ పద్ధతి తప్ప ఇంకోటి తెలియదు.

రెండువేల సంవత్సరం దాటాక, యారాడలో ఎండుచేపలమ్మే మా ఆడవాళ్ల సంఘానికి నా కోడలు వెబ్‌సైటు పెట్టింది. నేను నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెర మీద మా సంఘం పేరు కూడబలుక్కుని చదివి, ఇది నిలవాలి అనుకున్నాను. నిలవలేదు. చవకని పెట్టిన చోట సైటు సీజను మధ్యలో ఆగిపోయింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఎప్పుడూ సైటులోనే సరుకు అడిగే హైదరాబాదు కొట్టాయన, మేం మూసేశామనుకుని వేరేచోట కొనుక్కున్నాడు.

సంఘంలో అందరూ కోడలి మీద పడ్డారు.

"కంప్యూటరు సదివిందని నెత్తినెట్టుకున్నాం. ఇంక బుట్టట్టుకుని బజార్లో కూకోమను," అంది మా తోటికోడలు.

"కూకుంటాది. ఈగలు తోలడానికి నువ్వు పక్కన కూకో," అన్నాను.

అన్నానే గానీ, సైటు ఇంకోసారి చెప్పకుండా ఆగితే ఆ పిల్ల మాట సంఘంలో ఇక చెల్లదు. అది నాకు తెలుసు. అందుకే కొత్త చోటు నేనే చూస్తానన్నాను.

మొదట పట్నంలో ఒక ఏసీ ఆఫీసుకు వెళ్లాం. టై కట్టుకున్న అబ్బాయి, తమ సర్వరు ఎప్పుడూ ఆగదన్నాడు.

"ఏదీ, సూపించు."

"అది ఇక్కడుండదమ్మా. వేరే దేశంలో ఉంటుంది."

"మరి నువ్విక్కడ దేనికి?"

కోడలు నా మోచెయ్యి గిల్లింది.

రెండోది గాజువాకలో మేడమీద ఒక గది. ఆ మనిషి తండ్రి స్టీలుప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చాడట. కొడుకు మాటలో ఆ యాస పోలేదు. ఆగుతుందా అని అడిగితే, "ఆయ్, అప్పుడప్పుడూ ఆగుద్దండి," అన్నాడు.

కోడలు మొదటిదానికే మొగ్గింది.

"వానొచ్చేదాకా సంతకం లేదు," అన్నాను.

"కంప్యూటరుకి వానేటత్తా?"

"మనుషులకుంటాది కదే."

వాయుగుండం పట్టిన ఆదివారం కోడలి చేత ఇద్దరి సైట్లూ తెరిపించి, ఇద్దరికీ ఫోన్ చేయించాను. ఏసీ ఆఫీసు సైటు చక్కగా తెరుచుకుంది. ఫోను మాత్రం మోగీ మోగీ ఆగిపోయింది. గాజువాక అతని సైటు తెరుచుకోలేదు. ఫోను మొదటి మోతకే ఎత్తాడు.

"పడిపోయిందండి. కరెంటు లేదు, జనరేటరు తడిసింది. దాని దగ్గరే ఉన్నానండి. సాయంత్రానికి లేపుతాను, లేపాక నేనే చేస్తానండి."

చీకటి పడేవేళకి చేశాడు.

"అయితే ఏసీవోళ్లదే కదత్తా? ఆళ్లది ఆగలేదు."

"పోయినేడు మనల్ని ముంచింది ఆగడం కాదే. ఎవడూ సెప్పకపోడం. కారని కప్పు నాను సూళ్లేదు. కారినప్పుడు తట్టట్టుకుని నిలబడేవోడు కావాల."

మర్నాడే గాజువాక వెళ్లి సంతకం పెట్టాను. ఆగిన వెంటనే ఫోను చెయ్యాలని అతని చేత ఒప్పించాను. కొనేవాళ్లందరి నంబర్లూ దగ్గర పెట్టుకోమని కోడలికి చెప్పాను.

ఆ సీజనులోనూ ఆగింది. అతను చెప్పాడు. కోడలు వెంటనే హైదరాబాదు కొట్టాయనకు ఫోన్ కలిపింది. పక్కనే మా తోటికోడలు బుట్టలో చెయ్యి ఆపి వింటోంది.

"ఈయేళ సైటు లేదండి. మేవున్నాం. ఎంత సరుకు పంపమంటారు?"