మునిస్వామిగారి క్లచ్ ప్లేటు

మునిస్వామిగారి దృష్టిలో లోకంలో కదలని ప్రతిదానికీ ఒకటే రోగం. క్లచ్ ప్లేటు పోయింది.

మా కొండాపూర్ అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోతే, "క్లచ్ ప్లేటు" అనేవారు. వీధి చివర తవ్విన రోడ్డు తవ్వినట్టే ఉండిపోతే, "కాంట్రాక్టరుకు క్లచ్ ప్లేటు అరిగిపోయుండాది" అనేవారు. నా మోకాళ్ల నొప్పికి డాక్టరు ఎక్స్‌రే తీయించమంటే, ఆయన నా కాలు ఒకసారి తట్టి చూసి, "ఎక్స్‌రే దండగ సారూ. ఇది ప్లేటే" అని తేల్చేశారు.

ఇంతా చేసి ఆయన మదనపల్లెలో హిందీ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. జన్మలో స్టీరింగు పట్టుకున్న పాపాన పోలేదు. "సైకిలు తొక్కితేనే కాలవలో పడినాడు ఈ మహానుభావుడు" అని ఆయన భార్య వెంకటలక్ష్మిగారు అందరి ముందూ అనేవారు. ఆయన నొచ్చుకునేవారు కాదు. "సైకిలుకు క్లచ్ ఉండదు లక్ష్మీ. అందుకే పడినా" అనేవారు.

అందువల్ల ఉదయ్ భాస్కర్ కారు మొరాయించిన ఉదయం మేమంతా ఆయన తీర్పు ఏమిటో ముందే ఊహించాము.

భాస్కర్ మా పై అంతస్తు కుర్రవాడు, ఆరడుగుల మనిషి. అతనూ, అతని భార్య హర్షిణీ ఒకే ఆఫీసులో పనిచేసేవారు. కారు ఎప్పుడూ ఆ అమ్మాయే నడిపేది. లైసెన్సు ఉండి కూడా అతను పక్కన కూర్చుని ఉప్మా డబ్బా మూత తీసేవాడు. ఆ వేసవిలో హర్షిణి జ్వరమని ఆసుపత్రికి వెళ్లి, మరి తిరిగి రాలేదు. భాస్కర్ తలుపు వేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆఫీసువాళ్లు, వచ్చే నెల నుంచైనా రాకపోతే ఇక రానక్కరలేదని కబురు పెట్టారు.

ఆ ఉదయం అతను మెడలో బ్యాడ్జీ వేసుకుని దిగి, కారెక్కి స్టార్ట్ చేశాడు. ఇంజను సింహంలా గర్జించింది. బండి మాత్రం అంగుళం కదల్లేదు. మళ్లీ గర్జించింది. పొగ వాసన సెల్లారంతా నిండింది.

మునిస్వామిగారు లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చారు. కిటికీలోంచి తల దూర్చి, "క్లచ్..." అని ఆగిపోయారు. కాసేపు లోపలికే చూస్తూ నిలబడి, తల బయటికి తీసి, "గేరుబాక్సు అనుకుంటా నాయనా. ఆఫ్ చెయ్యి. తొందరపడితే చెడిపోతాది" అన్నారు.

మేము నోళ్లు తెరిచాము. మర్నాడు ఆయన తీర్పు యాక్సిల్‌కు మారింది. ఆ మర్నాడు పెట్రోలులో నీళ్లు. భాస్కర్ ఆఫీసు బట్టల్లో రోజూ కిందికి దిగడం, ఈయన కొత్త జబ్బు చెప్పడం, అతను తల వంచుకుని తిరిగి మెట్లెక్కడం. నేను క్యాబ్ బుక్ చేస్తానంటే వద్దన్నాడు. "వెళ్తే దీంట్లోనే వెళ్తానంకుల్. లేకపోతే లేదు."

నేను ఉండబట్టలేక సాయిచంద్ అనే మెకానిక్‌ను పిలిపించాను. అతను తలుపు తీసి సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడో లేదో, మునిస్వామిగారు ఆ చెయ్యి పట్టేసుకున్నారు.

"సీటు ముట్టుకోవద్దు!"

"ఏంది పెద్దాయనా, సీటు జరపకుంటే ఎట్ల కూసుంట?"

"కూచోవద్దు. బయట నుంచే చూడు."

"బయటికెల్లి చూస్తే బండి మంచిగనే ఉన్నది. మస్తు కలర్."

"అయితే ఇంక పో నాయనా."

అతను పోతూ నా వైపు తిరిగి, "సార్, మీ దోస్తును జర దవాఖానల చూపించుండ్రి" అన్నాడు.

నాకూ అదే అనిపించి నిలదీశాను. అప్పుడు చెప్పారాయన, గొంతు తగ్గించి.

"సారూ, బండికి ఏ రోగమూ లేదు. ఆ హర్షిణి పాప పొట్టిది గదా, సీటు ముందుకంటా జరుపుకోని ఉండాది. వీడు తాటిచెట్టు. మోకాళ్లు స్టీరింగుకు ఆనుకుంటే క్లచ్ మీద కాలు వెనక్కి తీసేదానికి జాగా యాడిది? తొక్కిందే తొక్కి పెట్టి ఎక్సలేటరు ఇస్తా ఉండాడు."

"మరి సీటు వెనక్కి జరపమని చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే జరుపుతాడు సారూ. జరిపినాక, ఆ పాప కూచున్న చోటు మళ్లీ యాడ దొరుకుతాది వానికి?"



"అయినా ఎన్నాళ్లని?"

"ఎల్లెల్లార్ వచ్చేసింది," అని జేబులోంచి లెర్నింగు లైసెన్సు తీసి చూపించారు. "నేనూ ఆ పాపంత పొట్టే గదా. ఆ సీటు నాకు సరిపోతాది."

డ్రైవింగు స్కూలులో మొదటి రోజు ఈ క్లచ్ పండితుడు అడిగిన మొదటి ప్రశ్న, "క్లచ్ ఏ కాలికి వస్తాది సార్?" అనిట. వెంకటలక్ష్మిగారు రోజూ దేవుడికి దీపం పెట్టి పంపేవారు. ఈయన కోసం కాదు, రోడ్డు మీది జనం కోసం.

నెల మొదటి సోమవారం కారుకు ఎర్రటి ఎల్ అక్షరం అంటించారు. "నువ్వు పక్కన కూచో నాయనా. నాకు నేర్చుకోవాలని మోజు. ఎట్లా చెడిపోయిన బండే గదా, ఇంకొంచెం చెడిపోతే ఏం పోయె!"

భాస్కర్ ఎప్పటి చోట ఎప్పటిలా కూర్చున్నాడు. మునిస్వామిగారు సీటును ముట్టుకోకుండా అందులో ఒదిగారు. కారు దగ్గుతూ దగ్గుతూ కదిలింది. కదలగానే ఆ కుర్రవాడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. గేటు దాటేదాకా అతని భుజాలు అదురుతూనే ఉన్నాయి. మునిస్వామిగారు చూడనట్టు హారను మోగిస్తూ పోయారు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

తర్వాత రోజూ అదే ఊరేగింపు. పాల ప్యాకెట్లు తెచ్చుకునేవాళ్లు వాళ్లను దాటిపోయేవారు. అయినా భాస్కర్ ఆఫీసుకు వెళ్తున్నాడు. మునిస్వామిగారు అక్కడే కూర్చుని సాయంత్రం అతనితోనే తిరిగొచ్చేవారు.

ఒకరోజు మునిస్వామిగారు మధ్యాహ్నం కాకముందే ఒక్కరే ఆటోలో దిగారు. నేను గేటు దాకా పరుగెత్తాను.

"కారేదండీ?"

"కొత్తగూడ సిగ్నల్లో ఆగిపోయినాది సారూ. పచ్చ పడతాది, నేను స్టార్ట్ చేసేలోగా ఎర్ర పడతాది. వెనక బస్సోడు నన్ను మా నాయన దాకా తిడతా ఉండాడు. 'దిగండంకుల్' అన్నాడు మనవాడు. దిగినా. వచ్చి డ్రైవరు సీట్లో కూచున్నాడు. సీటు కింద చెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయినాడు. నేను పోయి బస్సుకు అడ్డం నిలబడి డ్రైవరుకు దండం పెట్టినా, ఒక్క నిమిషం ఆగు నాయనా అని."

"జరిపాడా?"

"జరిపినాడు."

"ఎంత?"

"కాళ్లు పట్టేంత."

"మరి మిమ్మల్ని ఎక్కించుకోలేదేం?"

ఎండలో చెమటలు కారుతున్న ఆయన ముఖం వెలిగిపోయింది.

"నన్ను మరిచిపోయి పోయినాడు సారూ!"