పాలు పొంగని ఇల్లు

2024 మే నెల. నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర నా ఆఫీసు. ఉద్యోగుల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, అంటే ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఆదాయపు లెక్కలు, దాఖలు చేయడం నా పని. సైన్సు టీచర్ మాణిక్‌రెడ్డి భార్య సుగుణతో వచ్చాడు. అప్పు తీసుకుని ఇల్లు కట్టాడు. పాత పన్ను విధానంలో ఆ వడ్డీకి మినహాయింపు ఉంది. కానీ మార్చి ముగిసేలోపే ఇల్లు పూర్తయి ఉండాలి.

"కంప్లీషన్ సర్టిఫికెట్ ఏది?" అన్నాను. ఇల్లు పూర్తయిందని ఇంజనీరు ఇచ్చే కాగితం అది.

"ఇంకా పూర్తి కాలే సార్."

"ఏం కాలే? మార్చిల్నే రంగులేసిండ్రు. నల్లా వస్తుంది, కరెంటు వస్తుంది," అంది సుగుణ.

"పాలు పొంగియ్యలే కదా! ఇప్పుడు మూఢం. దాని ఎన్క ఆషాఢం. శ్రావణంల పోదాం."

"గీ సైన్సు సార్‌కు సుక్కలు కనిపిస్తయి గని పెండ్లాం కనిపియ్యది," అని నవ్వబోయి ఆయాసపడింది. ఆమెకు గుండెజబ్బు. అద్దెకున్నది రెండో అంతస్తు. మెట్లెక్కొద్దని డాక్టర్ చెప్పాడు. కొత్తింటికి మెట్లే లేవు.

"మూఢమంటే శుక్రుడు కనిపించకపోవడమే. దాంతో మీ గడపకేం నష్టం? పిల్లలకు పాఠం చెప్పేది మీరే కదా. ఇవాళే పోండి," అన్నాను.

"నీకేంది సార్, నువ్వేం నమ్మవు. రేపు ఏమన్నయితే అందరు నన్నే అంటరు."

"అయ్యేదేందో గా ఇంట్లనే కానియ్యి. పోదాం పా," అంది సుగుణ మెల్లగా.

వెళ్లలేదు. ఆషాఢం మొదట్లో సుగుణ అద్దెయింటి మెట్ల మీదే కూలిపోయింది. దవాఖానకు చేరేలోపే పోయింది. అద్దెయింటి యజమాని శవాన్ని గేటు దాటనివ్వలేదు. పాలు పొంగని ఇంట్లోకి శవమేంటని బంధువులు కొత్తింటి తాళం తీయనివ్వలేదు. నేను వెళ్లేసరికి సుగుణ తన ఇంటి గేటు బయట, వానలో, టార్పాలిన్ కింద ఉంది.

"తాళం తియ్యండి!" అని అరిచాను.

"నువ్వు టాక్సులు చూసుకో సార్," అన్నాడొక పెద్దాయన.

మాణిక్‌రెడ్డి జేబులోంచి తాళంచెవి తీశాడు. పిడికిట్లో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

దినాలయ్యాక, గడువు ముగిసేలోపు సర్టిఫికెట్ తెచ్చాడు. మినహాయింపు వచ్చింది.

"మార్చిల్నే పూర్తయిందా సార్?" అన్నాడు, తాను తెచ్చిన కాగితాన్నే చూస్తూ.

"అయింది," అన్నాను. ఇంకేమనను?

మూఢనమ్మకం వెర్రివాళ్ల జబ్బు కాదు. నలుగురి మాటకు భయపడే మంచివాళ్ల చేతనే అది తాళాలు వేయిస్తుంది. ఇప్పుడు కొత్తిల్లు కట్టామని ఎవరొచ్చినా, అందులో ఉంటున్నారా అని ముందు అడుగుతాను. ముహూర్తం కోసం ఆగామంటే, ఇంట్లో జబ్బుపడ్డవాళ్లెవరని అడుగుతాను. కొందరు కోపంతో లేచి వెళ్లిపోతారు. ఆ కోపంతోనైనా వెళ్లి తలుపు తీస్తే చాలు.