వేలు మడిచిన అత్త

కనేరిలో మా కార్ఖానాలో మరమగ్గాలు నడుస్తుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. ఏం కావాలన్నా చేతులతోనే చెప్పుకోవాలి. చాయ్ అమ్మే అత్త చక్కెర విడిగా డబ్బాలో తెచ్చేది. ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని చెంచాలు వేసేది. నేనెప్పుడూ మూడు చూపించేవాణ్ని.

ఒకరోజు ఆమె నా మూడు వేళ్లలో ఒకదాన్ని పట్టుకుని మడిచేసింది. నేను మళ్లీ లేపాను. ఆమె మళ్లీ మడిచి, రెండు చెంచాలే వేసి, పక్క మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడూ అదే వరస.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. అప్పుడు అడిగాను.

"ఏందత్తా, అందరికీ అడిగినంత ఏస్తవు. నా ఏలే ఎందుకు మడుస్తున్నవ్?"

"నువ్వు ఊకూకె నీళ్లు తాగుతున్నవ్ బిడ్డా. మా ఆయన గూడ మొదట్ల గట్లనే తాగిండు. నాకు తెల్వక అడిగినంత చక్కెర ఏసిన. ఆఖరికి ఆయన కాలు తీసేసిన్రు."

మర్నాడే పరీక్ష చేయించుకున్నాను. షుగర్ మొదలైందని, ఇంకా చేయి దాటలేదని డాక్టరు చెప్పాడు. తర్వాత నెమ్మదిగా రెండో వేలూ, చివరి వేలూ కూడా ఆమే మడిచింది.

ఇప్పుడు నేను మాన్‌కోలి గోదాములో పనిచేస్తున్నాను. ఇక్కడ మగ్గాల చప్పుడు లేదు. "షక్కర్ కిత్నీ?" అని చాయ్‌వాలా అడిగితే ఎన్ని చెంచాలో నోటితో చెప్పొచ్చు. నేను మాత్రం పిడికిలి చూపిస్తాను. ఆ చప్పటి చాయ్‌ని నా రెండు కాళ్ల మీద నిలబడి తాగుతాను.