ఉండు, లెక్క తప్పుతుంది

మొగుడి నోట్లోంచి వచ్చే ఒక్క మాటకు ఆ దర్జీ ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. ఆ మాట "ఉండు."

ఏటా ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఆయన మేడెక్కుతాడు. నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, కొండల సందులోంచి దక్షిణానికి వలసపోయే డేగల్ని లెక్కపెడతాడు. ఒక్కో పిట్టకు చేతిలోని క్లిక్కర్ ఒకసారి నొక్కాలి, అందులో అంకె ఒకటి పెరుగుతుంది. అప్పుడు వెళ్ళి గ్యాస్ అయిపోయిందన్నా, కుళాయి విరిగిందన్నా, ఆఖరికి ఆవిడ సొంత తమ్ముడికి కొడుకు పుట్టాడన్నా, ఆకాశం మీంచి చూపు దించకుండా అరచెయ్యి ఎత్తి, "ఉండు, లెక్క తప్పుతుంది" అంటాడు. ఆవిడ ఉండదు. విసవిసా మెట్లు దిగిపోతుంది.

మిగతా రోజుల్లో మనిషి బంగారమే. లిఫ్టులు బాగుచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, ఆవిడ కత్తిరించి పారేసిన గుడ్డముక్కలు కూడా తనే ఊడ్చి ఎత్తేస్తాడు. కానీ సెలవులన్నీ డేగలకే. వీధిలో ఆయన పేరు డేగలాయన. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏమ్మా, ఇవాళ ఎన్ని ఎగిరాయి?" అని ఇకిలిస్తారు. నా ఖర్మ ఎన్ని ముక్కలైందో అడగండి చెప్తాను, అని ఆవిడ లోపల్లోపల గొణుక్కునేది.

ఈ ఏడు ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. అవతలి కొండ మీద లెక్కపెట్టే టీచరమ్మ ఫోన్ చేసి ఓ డజను కనిపించాయంటే, ఈయన వందల్లో చెప్పాడు.

"ఆవిడకి కళ్ళున్నాయో గోలీకాయలున్నాయో! నా నెత్తిమీద నుంచి చీమల బారులా పోతున్నాయి."

మర్నాడు పొద్దున పొగమంచు దట్టంగా పట్టేసింది. కొండలు లేవు, ఎదురు మేడ లేదు. ఈ మనిషి పైన ఏం చేస్తున్నట్టు? సగం కుట్టిన తెల్ల లైనింగ్ గుడ్డ భుజాన వేసుకుని, తిట్టడానికి సిద్ధంగా ఆవిడ పైకెళ్ళింది. ఆయన టక్కు టక్కుమని నొక్కుతూనే ఉన్నాడు.

"ఎక్కడండీ డేగలు? నా చెయ్యే నాకు కనబడి చావట్లేదు!"

"ఉండు. మంచు కిందుగా ఎగురుతున్నాయి. అదిగో, కుడివైపు." చూపించబోయి తల తిప్పాడు. "అరె, ఇంకా కుడికి పోయాయే!"

ఆవిడకు ఏదో తేడా కొట్టింది. భుజం మీది గుడ్డ తీసి ఆయన మొహానికి అడ్డంగా పరిచి పట్టుకుంది.

"ఇప్పుడు?"

"ఉన్నాయి..." అన్నాడు. ఆ మాట ఆయన చెవినే పడ్డట్టుంది, క్లిక్కర్ మీద వేలు ఆగిపోయింది. "ఈ నల్లచుక్కలు నా కుడికంట్లోనే ఉన్నాయే. ఓ మూల తెర దించినట్టు కూడా ఉంది, నిన్నటినుంచి."

ఆవిడ అక్కడినుంచే కంటి డాక్టరుకు ఫోన్ చేసింది. కంటి లోపలి పొర ఊడుతున్నట్టుంది, వెంటనే తీసుకురండి, ఆలస్యమైతే చూపు దక్కదు, అన్నాడు డాక్టరు.

ఇంత విన్నాక ఎవరైనా చెప్పులు వెతుక్కుంటారు. ఈయన గాలి ఎటు తిరిగిందో చూశాడు.

"మంచు విడితే పెద్ద గుంపు వస్తుందే. అది దాటిపోగానే వెళ్దాం. ఇన్నేళ్ళలో ఒక్క ఏడూ ఆ గుంపు లెక్క ఆగలేదు."

"కన్ను పోతుందంటే డేగలంటారేమండీ! ఆ లెక్కేదో నేను పెట్టి చస్తాను, ముందు దిగండి!"

"నువ్వా? సూది మీంచి తలెత్తని దానివి!"

"ఎత్తుతాను. పదండి."

క్లిక్కర్ లాక్కుని, చొక్కా పట్టుకుని కిందికి లాక్కెళ్ళింది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. చూపు నిలుస్తుంది, కాకపోతే కంట్లో నింపిన గాలిబుడగ పొరను అదిమిపట్టాలంటే వారంపాటు బోర్లా పడుకునే ఉండాలి, అన్నాడు డాక్టరు. బతుకంతా ఆకాశం చూసిన మనిషి ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని, ఏమీ కనబడకపోయినా ఆవిడ ప్రాణం తోడేశాడు.

"సుడి తిరిగేటప్పుడు లెక్కపెట్టకు. పైకెళ్ళి ఒక్కొక్కటిగా జారిపోతాయి చూడు, అప్పుడు పెట్టు. కాకుల్ని కలిపేవు!"

రెండో రోజు మంచు విడింది. ఆవిడ మెట్ల తలుపు బార్లా తీసిపెట్టి మేడెక్కింది. మెడ పీకింది, ఎండకు కళ్ళు నీళ్ళు కారాయి. కుట్టాల్సిన బట్టలు గుర్తొచ్చి విసుగొచ్చింది. ఇంక దిగిపోదామనుకుంటుండగా కొండల సందులోంచి డేగలు లేచాయి. రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి వెళ్ళి, అక్కణ్ణుంచి వరసగా, మిషన్ కింద కుట్టు జారినట్టు జారిపోసాగాయి. ఆవిడ నొక్కడం మొదలుపెట్టింది. నోరు తెరిచి ఉందన్న సంగతి కూడా తెలియలేదు.

"ఏమేవ్! వచ్చాయా?" కింది గదిలోంచి కేక.

ఆవిడ వేలు టక్కు టక్కుమని ఆడుతూనే ఉంది.

"ఎన్నే?"

"ఉండండీ! లెక్క తప్పుతుంది!"

గాల్లోకి లేచిన తన అరచెయ్యి తన కంటికే కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ మాట తనను పొమ్మనడానికే అనుకుంది. ఆయన ఉండమనే అన్నాడు. తనే ఒక్కసారీ ఉండలేదు.

కింది గదిలో దిండులోంచి గొంతు వచ్చింది.

"ఉన్నానే."